ముంచుడు కుర్చీ

కోట గోడ, రాతి వంతెన, ఉన్ని వర్తకుల పాత ఇళ్లు అన్నీ చూపించి, పొద్దువాలే వేళకి గైడు డోరిన్ ఊరు చూడవచ్చిన జనాన్ని ఏటి రేవుకు తీసుకొచ్చింది. వెర్న్‌బ్రిడ్జ్‌కి వచ్చినవాళ్లు అసలు చూడాలనుకునేది అక్కడే ఉంది. పొడవాటి దూలం, దాని కొసన ఓ చెక్క కుర్చీ.

"వెనకటికి మా ఊళ్లో గయ్యాళి ఆడదాన్ని ఇందులో కట్టి ఏట్లో ముంచేవాళ్లు. నోరు పడిపోయేదాకా!" అంది డోరిన్. జనం పకపకా నవ్వారు.

"అబద్ధాలకోరు!" వెనకనుంచి మేవిస్ కేకేసింది. "చివరగా ముంచినామెను పైకి తియ్యనే లేదు. ఆ సంగతి చెప్పదేం మా చెల్లెలు?"

మేవిస్ డోరిన్‌కి సొంత అక్క. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. రోజూ ఇలాగే వెంటపడి పదిమందిలో పరువు తీస్తుంది మహాతల్లి. డోరిన్‌కి ఒళ్లు మండిపోయింది.

"అంత తెలిసినదానివి, కూర్చుని చూపించరాదూ అక్కా?"

"నీలాంటి పిరికిదాన్నా నేను?" అంటూ మేవిస్ దర్జాగా కూర్చుంది. డోరిన్ తోలుపట్టీ బిగించింది. కుర్చీ నీళ్లకు తగలకుండా గొలుసు ఆపుతుంది, అదీ డోరిన్ ధైర్యం.

"దీని నోరు ఎవరైనా మూయిస్తే బాగుండు," అని గొణుక్కుంటూ దూలం వదిలింది.

ఏటి మీద పొగమంచు కమ్ముకొచ్చింది. కుళ్లిన నాచు కంపు... ఇందాకటిదాకా లేదది.

"సరే..." అని చెవిలో ఎవరో గుసగుసలాడారు.

వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. గొలుసు తెగింది. కుర్చీ మునిగింది. అక్క తిట్టు సగంలో ఆగిపోయింది.

"అక్కా!"

డోరిన్ దూలం ఇవతలి కొస పట్టుకుని వేలాడింది. కదలదు. కిందనుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు... జనమేమో ఇదీ వేడుకే అనుకుని చప్పట్లు కొడుతున్నారు!

"లాగండయ్యా! మా అక్క చచ్చిపోతోంది!"

అప్పటికి గానీ ఎవరూ కదల్లేదు. తలా ఓ చెయ్యి వేశారు. దూలం లేచింది. కుర్చీలో మేవిస్... కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. డోరిన్ పట్టీ విప్పి, అక్కను కావలించుకుని భోరుమంది.

"తిట్టవే అక్కా! నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, పడతాను!"

మేవిస్ తిట్టలేదు. మెల్లగా నవ్వింది.

"ఏడవకమ్మా," అంది. డోరిన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ ఇల్లెటు?"

అప్పుడే రేవు మెట్ల కింద, నల్లటి నీళ్లలోంచి, అక్క గొంతు వినిపించింది. చెల్లెల్ని తిడుతూ... తిడుతూ... వంతెన వైపు కొట్టుకుపోతోంది.