నెత్తళ్ళ పక్కన టీ పొడి

నా స్నేహితుడు స్టీవెన్ కొత్త కారు కొన్నాడు. అనకాపల్లి నుంచి తమిళ కొండల్లోని కోటగిరి టీ తోటల దాకా షికారన్నాడు. రెండో డ్రైవరుగా నన్ను పిలిచి, స్టీరింగు మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు.

"కంగారేటి బావా, మెల్లగా వెళ్దాం," అంటూ రెండు రోజుల దారిని మూడు రోజులు చేశాడు.

నాకు కంగారే. వెనక సీట్లో నా పక్కన వాళ్ళ చెల్లెలు తబితా. అచ్యుతాపురంలో మా ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బస్సు. ఏడాదిగా చెప్పాలనుకున్న మాట గొంతు దాటడం లేదు. తిరిగెళ్ళాక వచ్చే ఆదివారమే, చర్చి అవగానే, తనకు పెళ్ళిచూపులు. ముందు సీట్లో వాళ్ళమ్మగారు.

"ఏటి, ఒకటే కదుల్తన్నావు?" అంది తబితా.

"సీటు సరిగా లేదు."

"కొత్త కారు. సీటు బాగానే ఉంది."

కోటగిరిలో వాన. ఒకే గొడుగు కింద తబితా, నేను తోటలో నడిచాం. ఇప్పుడే చెప్పాలని నోరు తెరిచి, "ఇక్కడ చలెక్కువ కదా," అన్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

బయల్దేరే ముందు, పెళ్ళిచూపులకని తబితా కిలో టీ పొడి కొంది. కొట్టతను వేలు ఊపుతూ తమిళంలో ఏదో చెప్పాడు. రెండేళ్ళు చెన్నైలో పనిచేసిన మనిషి, తలూపింది.

"ఏటన్నాడు?"

"మళ్ళీ రమ్మన్నాడు. ఇది డిక్కీలో మీ అమ్మగారి సంచీలో పెట్టు."

ఆ సంచీలో ఎండు నెత్తళ్ళ చేపలున్నాయి. "కొండమీద కూరేటి దొరుకుద్దిరా" అని రాంబిల్లిలో మా అమ్మ కట్టిచ్చింది. హోటల్లో వేయించనివ్వలేదు. టీ పొడి వాటి పక్కనే పెట్టాను.

ఆదివారం అన్నం సహించలేదు. మధ్యాహ్నం తబితా ఫోను చేసింది.

"పెళ్ళివారు ఒక్క గుక్క తాగి లేచెళ్ళిపోయేరు. టీ అంతా ఎండుచేపల కంపు."

"అయ్యో, నేనే పెట్టేను. సారీ తబితా."

"పెట్టమన్నది నేను. టీ పొడి పక్కనున్న వాసనంతా పీల్చేత్తాది, జాగ్రత్తని కొట్టతను ముందే చెప్పేడు."

"మళ్ళీ రమ్మన్నాడన్నావు కదా?"

"నువ్వు చెప్తావేమోనని దారంతా చూసేను. గొడుగు కింద కూడా చలి గురించే మాటాడేవు. ఇంకేటి చెయ్యను? ఆ నెత్తళ్ళెవరివని డాడీ అడుగుతున్నారు. నీ పేరు చెప్పేను. మిగతాది నువ్వొచ్చి చెప్పు."

రాంబిల్లి నుంచి అనకాపల్లి దాకా బండి ఎక్కడా ఆపలేదు. వాళ్ళ నాన్న వరప్రసాదరావుగారు గుమ్మంలోనే ఉన్నారు.

"టీ తాగుతావా రాజుబాబూ?"

"తాగుతానండీ."

అదే టీ. చుక్క మిగల్చకుండా తాగేశాను.

"తబితా అంటే నాకు ప్రాణమండీ. పెళ్ళి చేసుకుంటాను."

ఆయన ఖాళీ కప్పు అందుకుని చూశారు. తర్వాత లోపలికి తిరిగి అన్నారు.

"తబితా, అబ్బాయికి ఇంకో కప్పు తే."