తేలని కార్డుల ట్రే

"చెయ్యి తియ్! కార్డు మొహం మీద వేలు పెడతావా? అంచులు పట్టుకో!"

పాత పోస్టుకార్డుల దుకాణంలో పనికి చేరి, వానలో తడిసి వచ్చిన కుర్రాడికి యజమాని కూతురు పలికిన స్వాగతం అది. పసుపు స్వెటర్, చేతిలో భూతద్దం, ముక్కు మీద కోపం. కుర్రాడు అక్కడికక్కడే పడిపోయాడు. ఎక్కడ పడ్డాడో వేరే చెప్పాలా?

పని ఆమే నేర్పింది.

"చుక్కలు జల్లెడ కన్నాల్లా వరసగా ఉన్నాయా, మెషీన్ అచ్చు. ఇసుక చల్లినట్టున్నాయా, రాతి అచ్చు. చుక్కల్లేకుండా రంగు గీత దాటిందా, చేత్తో వేసింది. ఏదీ తేలకపోతే ఈ ట్రేలో పడెయ్. సాయంత్రం నేను చూస్తా."

ఒకే భూతద్దం, పక్కపక్కనే రెండు తలలు. వాడికి చుక్కలు కనబడితే ఒట్టు.

చెప్పడానికి నోరు పెగల్లేదు. నోరు లేనివాడు చేతులైనా వాడాలి కదా! దుకాణం ముందు వాడు తీసిన ఫొటోలో, కిటికీ దగ్గర నిలబడ్డ ఆమె కూడా పడింది. దాన్ని నలుపు తెలుపుల్లో కార్డుగా వేయించాడు. పాతకాలం వాళ్ళలాగే నీటిరంగులు అద్దాడు. తేలని కార్డుల ట్రేలో దాచాడు.

సాయంత్రం ఆ ట్రే ముందు కూర్చున్నది ఆమె ఒక్కతే కాదు. కార్డులు కొనడానికి ఊళ్ళు తిరుగుతున్న యజమాని అప్పుడే దిగాడు. ఇంతకుముందు పనిచేసినవాణ్ణి ఆయన ఎందుకు గెంటేశాడో వీధంతా తెలుసు. పాతవాటిలో కొత్త కార్డు కలిపాడని.

ఆయన ట్రే ముందుకు లాక్కుని ఒక్కో కార్డూ తియ్యసాగాడు.

"ఇది రాతిది. ఇది మెషీన్‌ది. ఇదీ..." బోర్లా ఉన్న కార్డు మీద ఆయన చెయ్యి ఆగింది. "కాగితం కొత్తది! ఎవరు కలిపారు? అమ్మాయ్, ఈ ట్రే నీదేగా?"

ఆమె మొహంలో నెత్తురు లేదు. తెలీదని కుర్రాడు ఒక్క మాట అంటే ఉద్యోగం దక్కుతుంది. నింద ఆమె నెత్తిన పడుతుంది. లేచాడు.

"నేనేనండీ."

"పాతదని ఎవడికైనా అంటగడదామనా?"

"కాదండీ. అమ్మాయిగారికి... ఇద్దామని."

బయట వాన. వాడు మనసులో సంచీ సర్దేసుకున్నాడు.

ఆమె కార్డు లాక్కుని భూతద్దం పెట్టింది.

"స్వెటర్ బాగానే వేశాడు నాన్నా. పెదాల దగ్గరే రంగు గీత దాటింది."

"చెయ్యి వణికిందండీ."

పెద్దాయన భూతద్దం అందుకున్నాడు. చూశాడు. కూతుర్ని చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు.

"ఇంత వణికే చెయ్యి దొంగసరుకు చెయ్యలేదు. కానీ ఒరేయ్, నా ట్రేలో కొత్తది పెడితే తోలు తీస్తా. ఇచ్చేదేదో చేతికివ్వు."

కుర్రాడు కార్డు తీశాడు. ఆమె వైపు చాచాడు.

"నా మొహం మీద వేలు పెట్టకు," అందామె. "అంచు పట్టుకో."

వాడు ఒక అంచు పట్టుకున్నాడు. రెండో అంచు ఆమె పట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.