కొర్రమేను జరిమానా

హేమకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను ఇంగ్లీషులో నోరు విప్పిన రోజున కూతురికి బడిలో సీటు పోతుందని.

జూన్‌లో కంకిపాడులోని ఆ ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తే ఒకటో తరగతి నిండిపోయిందన్నారు. "ఎవరైనా మానేస్తే పిలుస్తామమ్మా. అప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ పాపతో పాటు తల్లిదండ్రులతో కూడా మాట్లాడతారు. ఇంగ్లీషులోనే" అని ఆఫీసు కిటికీలోంచి చెప్పారు.

తల్లిదండ్రుల్లో తండ్రి లేడు. భర్త గంగాప్రసాద్ జ్వరం ముదిరి పోయేనాటికి కూతురు దేవి ఇంకా పాకుతోంది. మిగిలింది తల్లి. ఆ తల్లి చదువేమో ఎనిమిదో తరగతి మధ్యలోనే ఆగిపోయింది.

అందుకే హేమ జాకెట్లు కుట్టే మిషన్ మీద గుడ్డ కప్పి, దేవిని పక్కింట్లో కూర్చోబెట్టి, మధ్యాహ్నం బస్సెక్కి బెజవాడ పటమటలో జాన్ పాల్ మాస్టారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరింది. అత్త పోలేరమ్మ కంకిపాడు మార్కెట్లో చేపలు అమ్ముతుంది. "వెళ్ళు. పిల్ల కోసమేగా" అంది, అంతే.

మొదటి రోజే పరువు పోయింది.

ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోమన్నారు మాస్టారు. హేమ లేచి నిలబడింది. "మైసెల్ఫ్ హేమ. ఐ యామ్ హ్యావింగ్ వన్ డాటర్."

వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారు తప్పు దిద్దారు. మైసెల్ఫ్ అనకూడదట, హ్యావింగ్ అంటే అన్నం తింటున్నట్టు ఉంటుందట. హేమకు అవేవీ చెవికెక్కలేదు. ఆ నవ్వొక్కటే చెవుల్లో గింగురుమంటోంది.

క్లాసు అయ్యాక మెట్ల మీద ఆ నవ్వినవాణ్ణి పట్టుకుంది. చామనఛాయ, నలిగిన చొక్కా, దగ్గరికొస్తే చేపల ఐసు వాసన.

"నేర్చుకోవడానికొచ్చారా, నవ్వడానికొచ్చారా మీరు?"

"నేర్చుకోవడానికేనండీ" అన్నాడతను కంగారుగా. "మీ మీద నవ్వలేదండీ, ఒట్టు. ఐ యామ్ హ్యావింగ్ వన్ వ్యాన్ అని పొద్దున్నుంచీ బట్టీ పట్టాను. మీరు ముందే లేచి అదే తప్పు చెప్పేసి నా పరువు కాపాడారు. అందుకని నవ్వొచ్చింది."

హేమ నవ్వకూడదనుకుంది. పెదవులు మాట వినలేదు.

అతని పేరు మణికుమార్. ఊరు పామర్రు. కైకలూరు చెరువుల దగ్గర చేపలెత్తి కంకిపాడు మీదుగా బెజవాడకు వ్యాన్ తోలుతాడు.

"మీకెందుకండీ ఇంగ్లీషు?"

"చేపలు కొనే బయటి రాష్ట్రం సేటు ఫోన్ చేస్తాడండీ. ఏమన్నా ఎస్ అంటాను. అలా ఎస్ అనీ అనీ ఓసారి నా దగ్గర లేని రొయ్యలు కూడా ఒప్పుకున్నాను."

మర్నాడు మాస్టారు అందరినీ జతలుగా విడదీశారు. ప్రతి జతా రోజూ కాసేపు ఫోన్లో ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. తప్పులు ఎన్నయినా చేయవచ్చు. తెలుగు మాట దొర్లితే మాత్రం అవతలివారికి చాక్లెట్ జరిమానా. చివర మిగిలిన ఇద్దరూ హేమ, మణికుమార్.

భర్త పోయిన ఆడది, మగాడితో, రోజూ, ఫోన్లో. వీధి చెవిన పడితే? అత్త చెవిన పడితే?

"మాస్టారూ, చాక్లెట్లు నా వ్యాన్‌లో ఐసు పక్కన చెమ్మగిల్లిపోతాయండీ. జరిమానా కింద చేప ఇస్తాను" అన్నాడు మణి.

"చేపో కాకరకాయో, మాట్లాడితే చాలయ్యా" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. హేమ ఆరిన బట్టలు తీసే నెపంతో డాబా మెట్లెక్కింది.

"హలో. వాట్ యు ఈటెడ్?"

"ఐ... ఐ ఈటెడ్ పప్పు."

"పప్పు ఈజ్ తెలుగు."

"మరి పప్పును ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఇప్పుడు మీరన్నదంతా తెలుగేనండీ."

"మీరన్నదో?"

అతను నెమ్మదిగా, "వన్ ఫిష్" అన్నాడు.

మర్నాడు పోలేరమ్మ మార్కెట్ నుంచి వస్తూ బకెట్ తెచ్చింది. నీళ్ళలో నల్లగా, నిగనిగలాడుతూ, తోక కొడుతూ కొర్రమేను.

"ఎవరో వ్యాన్ కుర్రాడు, హేమగారి అత్తగారు మీరేనా అని అడిగి ఇచ్చాడు. హేమగారికి జరిమానా అట. ఏం జరిమానాయే?"

"క్లాసులో... తెలుగు మాట్లాడితే... అలా ఒక రూలు అత్తమ్మా."

పోలేరమ్మ చేపను కాసేపు చూసింది. కోడలిని కాసేపు చూసింది. కత్తిపీట ముందుకు లాక్కుంది.

ఆ చూపుకు అర్థమేమిటో తెలియక హేమకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయినా ఫోన్ మోగడం ఆగలేదు. హేమ ఎత్తడమూ ఆగలేదు. డింట్ వెంట్ అనేది, మణి డింట్ కేమ్ అనేవాడు. ఎవరు ఎవరిని దిద్దాలో తెలియక ఇద్దరూ మాస్టారికి ఫోన్ చేసేవారు. దేవి మెట్ల మీద కూర్చుని అమ్మ మాటలకు వంత పాడేది. మణికి దేవి పేరు తెలిసింది, దానికి చేప తల ఇష్టమని తెలిసింది, చీకటంటే భయమని తెలిసింది. ఇవన్నీ తప్పుల ఇంగ్లీషులోనే. ఒక్కోసారి హేమకు అనిపించేది, తెలుగులో అయితే ఇందులో సగం కూడా చెప్పగలిగేది కాదని. తెలుగులో సిగ్గుపడటం వచ్చు. ఇంగ్లీషులో సిగ్గుపడేంత భాష ఇంకా రాలేదు.

జరిమానాలు మాత్రం మణికే ఎక్కువ పడేవి. మొదట తప్పించుకోలేక అనుకుంది. తర్వాత అనుమానం వచ్చింది. హలో తర్వాత వెంటనే "అబ్బా" అనేవాడు. కావాలని అన్నట్టే ఉండేది. మర్నాడు పండుగప్పో, చందువాయో, లేదంటే బకెట్లో తోక కొట్టే కొర్రమేనో వచ్చేది. పోలేరమ్మ పులుసు పెట్టేది. మాట్లాడేది కాదు.

ఆగస్టులో బడి నుంచి కబురు వచ్చింది. ఎవరో పిల్లవాడు ఊరు మారిపోయాడు. ఒక్క సీటు ఖాళీ. రేపు పదింటికి రండి.

ఆ సాయంత్రం ఫోన్లో హేమ "ఐ యామ్ ఫియరింగ్" అంది.

"డోంట్ ఫియరింగ్" అన్నాడు మణి. డాబా మీద వాన మొదలైంది. ఆ చప్పుడులో అతను ఒక్కసారిగా తెలుగులోకి దిగిపోయాడు. "హేమగారూ, ఇది ఇంగ్లీషులో చెప్పడం నాకు రాదండీ. దేవికి నాన్నగా, మీకు తోడుగా ఉండాలని ఉంది. రేపు బడి గేటు దగ్గరుంటాను. చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పండి. లేదంటే చెప్పొద్దు. రోజూ ఫోన్ మాత్రం చేసుకుందాం."

ఏదో ఒకటి అనాలి. మంచి మాట అనాలి. హేమ నోటికి వచ్చింది మాత్రం, "చాలా తెలుగు మాట్లాడారు. చాలా చేపలు ఇవ్వాలి."

ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని, వానలో తడుస్తున్న బట్టలు తీయడం మరిచిపోయి అలాగే నిలబడింది.

పొద్దున్నకి వాన ఎక్కువైంది. బడి గేటు దగ్గర గొడుగులు, స్కూటర్లు, పిల్లలు. నీలం వ్యాన్ మాత్రం లేదు. మణి వ్యాన్ ఎక్కడున్నా తెలుస్తుంది. వెనక తలుపు మీద హార్న్ ప్లీజ్ అని రాయించుకున్నాడు, పెయింటర్ అందులో ఒక అక్షరం మింగేశాడు. దిద్దిద్దామంటే "ఉండనివ్వండి, నా ఇంగ్లీషుకు సరిపోయింది" అనేవాడు.

ఫోన్ చేసింది. స్విచాఫ్.

రాత్రి తనన్న మాటకు నొచ్చుకున్నాడా? అంత మాట చెబితే చేపల లెక్క చెప్పిందేమిటని అనుకున్నాడా? లేక వ్యాన్‌కి ఏమైనా అయిందా? రెండో ఆలోచన రాగానే మొదటిదే నిజమైతే బాగుండుననిపించింది.

"అమ్మా, పిలుస్తున్నారు" అంది దేవి కొంగు లాగుతూ.

ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఈ బడే ఎందుకు కావాలని ఇంగ్లీషులో అడిగింది. హేమ బట్టీ పట్టిన జవాబంతా గేటు దగ్గరే ఉండిపోయింది. బుర్రలో నీలం వ్యాన్ తప్ప ఏమీ లేదు.

"మేడమ్, ఐ స్టడీడ్ ఎయిత్ హాఫ్ ఓన్లీ" అంది. "ఐ స్టాప్డ్. మై డాటర్ నో స్టాప్."

"ఇంటి దగ్గర పాపతో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు?" ఈసారి తెలుగులో అడిగింది మేడమ్.

హేమ ఇంగ్లీషులోనే చెప్పింది. "ఐ యామ్ స్పీకింగ్. డైలీ. మిస్టేక్స్ ఆల్సో స్పీకింగ్."

దేవి అమ్మను చూసి, మేడమ్‌ను చూసి, గట్టిగా "డోంట్ ఫియరింగ్ అమ్మా" అంది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికేమో. "తప్పులు మేం దిద్దుకుంటాం లెండి. మాట్లాడని పిల్లలతోనే మాకు కష్టం. సోమవారం నుంచి పంపండి."

సీటు వచ్చింది. ఇన్నాళ్ళూ ప్రాణం తీసిన భయం అలా తేలిపోయింది. హేమకు మాత్రం సంతోషం రాలేదు. ఆ మాట మొదట చెప్పాల్సిన మనిషి ఫోన్ స్విచాఫ్.

ఇంటికి వచ్చేసరికి పోలేరమ్మ మార్కెట్ నుంచి తొందరగా వచ్చేసింది. కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయట, చేపల బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయట, రాగలిగినవి చుట్టు తిరిగి హనుమాన్ జంక్షన్ మీదుగా రావాలట, అక్కడా బళ్ళు బారులు తీరి ఆగాయట.

హేమ గుమ్మంలోనే కూలబడింది. ఏడుపు ఆగలేదు. అత్త ముందు ఏడవకూడదు, ఎందుకని అడుగుతుంది అనుకుంటూనే ఏడ్చింది.

పోలేరమ్మ అడగలేదు. తువ్వాలు తెచ్చి కోడలి తల తుడిచింది.

"జరిమానా కట్టేవాడు బొచ్చె పిల్లనిస్తాడే" అంది. "మహా అయితే ఐసులో పెట్టిన శీలావతి. కొర్రమేనును ప్రాణంతో తేవాలంటే దారి పొడుగునా ఆగి ఆగి నీళ్ళు మార్చాలి. పుట్టినప్పట్నుంచీ చేపలమ్ముతున్నాను. అది జరిమానా చేప కాదని బకెట్ చేతికిచ్చిన రోజే తెలిసింది."

"అత్తమ్మా, మరి ఏమీ అనలేదేం?"

"ఏమంటాను? మావాడు పోయాక ఈ ఇంట్లో నువ్వు నవ్వింది ఆ ఫోన్లోనే. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అంతా ఇంగ్లీషు. నవ్వు మాత్రం నాకు అర్థమయ్యే భాషలోనే ఉంది." కళ్ళు అటు తిప్పుకుంది. "చెప్పెయ్. నా కొడుకు కూడా వద్దనడు."

"ఫోన్ కలవడం లేదు అత్తమ్మా."

"కలిసినప్పుడు వింటాడు. నువ్వు ముందు చెప్పు."

హేమ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ నొక్కింది. తెలుగులో అయితే సిగ్గు. అందుకని ఇంగ్లీషులోనే చెప్పింది. "మణిగారూ. ఐ యామ్ సేయింగ్ ఎస్. నాట్ లైక్ యువర్ సేట్ ఎస్. మై ఎస్." మణిగారూ అన్నది తెలుగే. ఒక చేప తను బాకీ.

ఒక్క టిక్ పడింది. రెండోది పడలేదు, మాట అతనికి ఇంకా చేరలేదు. వాన తెరిపి ఇవ్వలేదు. దేవి పడుకుంది. పోలేరమ్మ బకెట్ కడిగి, మంచినీళ్ళు నింపి గుమ్మం పక్కన పెట్టింది. హేమ ఆ ఒక్క టిక్కును చూస్తూ ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది.

ఇది చదివేవారు ఎవరైనా ఆ వైపు ఉంటే, హనుమాన్ జంక్షన్‌లో బళ్ళు ఆగిన చోటికి ఒక్కసారి వెళ్ళండి. నీలం వ్యాన్, వెనక హార్న్ ప్లీజ్‌లో ఒక అక్షరం లేనిది. లోపల మణికుమార్ అనే అతను బాగున్నాడో లేదో చూడండి. సీటు వచ్చిందని మీరు చెప్పకండి, అది హేమ చెబుతుంది. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టుకోమని మాత్రం చెప్పండి. మీకు వచ్చిన భాషలో, తప్పులున్నా ఫరవాలేదు.