ఉప్పుకొట్టు తలుపు

దివిసీమలో, సముద్రపు గాలి తగిలే ఆ ఊళ్ళో, పొద్దుగూకాక ఉప్పుకొట్టు పేరు ఎవరూ ఎత్తరు. ఎప్పుడో ఉప్పెన వచ్చినప్పుడు జనం అందులో తలదాచుకున్నారట. నీటికి ఉబ్బి తలుపు బిగుసుకుపోయింది... లోపలివాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు. రాత్రిళ్ళు ఆ తలుపును ఇప్పటికీ లోపలినుంచి ఎవరో కొడుతుంటారని చెప్పుకుంటారు.

అరవై అయిదు కార్తీకంలో ఆకాశాన తోకచుక్క లేచింది. ఆ వారమే వేటకెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాలేదు. ఊరు రెండింటికీ ముడిపెట్టింది.

గుడివాడ నుంచి వచ్చిన సైన్సు పంతులమ్మ సుభాషిణి మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. "అది మంచూ దుమ్మూనండీ. సూర్యుణ్ణి చుట్టి తన దారిన తను పోతుంది. దుర్భిణిలో చూపిస్తాను, తెల్లవారుజామున రండి." కొందరు మొహం మీదే తలుపు వేశారు. తూర్పు దిక్కు చెట్టు అడ్డంలేని చోటు ఉప్పుకొట్టు అరుగొక్కటే.

ఊరిపెద్ద శోభనాద్రి గొంతు తగ్గించాడు. "అటు మాత్రం వద్దు పంతులమ్మగారూ. మీకేమన్నా అయితే మా పూచీ లేదు."

అయినా వెళ్ళింది — లాంతరు, మరచెంబుతో మంచినీళ్ళు, దుర్భిణి. ఎవరూ రాలేదు. చీకట్లో సముద్రం మీంచి తెల్లటి తోక నిలువునా పైకి లేస్తోంది. చూస్తూ భయం మరిచిపోయింది.

వెనక... టక్. టక్.

గాలి అనుకుంది. గాలి లేదు.

మళ్ళీ కొట్టారు. ఈసారి తలుపు అడుగున, నేలకు దగ్గరగా — నిలబడే ఓపిక లేనట్టు.

పారిపోదామని లాంతరు అందుకుంది. వెలుగు గడియ మీద పడింది. తుప్పుపట్టిన గడియ. దానికి బిగించి కట్టిన పలుపుతాడు మాత్రం కొత్తది.

లోపలినుంచి గుసగుస — "నీళ్ళు..."

నీళ్ళలో మునిగి చచ్చినవాళ్ళు నీళ్ళడుగుతారా?

ముడి విప్పి తలుపు లాగింది. గడప మీద ఓ ముసలామె ఒరిగింది. పాపాయమ్మ — ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని. కూతురింటికి చల్లపల్లి వెళ్ళిందని శోభనాద్రి అందరికీ చెప్పాడు.

మరచెంబు నోటికందించింది సుభాషిణి. "ఎవరమ్మా నిన్నిక్కడ పెట్టింది?"

"నేనే చేతబడి చేసి దాన్ని రప్పించానంట..." గుటకకీ గుటకకీ మధ్య అంది. "అది పోయిందాకా ఇందులో ఉండమన్నారు."

తలెత్తి, ఆ తెల్లటి తోకను మొదటిసారి చూసింది. "ఇదా తల్లీ?"

పొలంగట్ల మీద లాంతర్లు కదిలాయి. అరుగు మీది వెలుగు చూసి కాబోలు, జనం వస్తున్నారు, ముందు శోభనాద్రి.

"నువ్వెళ్ళిపో," అంది పాపాయమ్మ. "నిన్నూ పెడతారు."

సుభాషిణి ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుని లేచి నిలబడింది. లాంతర్లు దగ్గరపడ్డాయి. నెత్తిన అంత వెలుగుంటే, వాళ్ళలో ఒక్కరూ పైకి చూడటం లేదు.