కాంపౌండరు అడిగిన ఒక్క ప్రశ్న

"మీ పేషెంటు ఏదీ?"

వరండాలో చివరి కుర్చీలో, తడిసిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న యువకుణ్ణి డాక్టరు అడిగింది. అతనికి ఇటు పక్క బుట్టలో పిల్లి, అటు పక్క టబ్బులో తాబేలు. అది జంతువుల ఆస్పత్రి. అతని దగ్గర మాత్రం తోక ఉన్నదేదీ కనిపించడం లేదు.

"బ్యాగులో ఉందండీ."

"బ్యాగులో కుక్కి తెచ్చారా? గాలాడొద్దూ? ముందు ఆ జిప్పు తియ్యండి!"

అతను కంగారుగా జిప్పు తీశాడు. ల్యాప్‌టాప్ బయటికి వచ్చింది. తాబేలు మెడ చాచి చూసింది. పిల్లి పట్టించుకోలేదు.

"కరుస్తుందా?" నవ్వకుండా అడిగింది డాక్టరు.

"కరవదండీ. అప్పుడప్పుడు వేడెక్కుతుంది, అంతే. నేను ఏఐ ఏజెంట్లు తయారుచేసే ఇంజనీర్ని. మీ నాన్నగారు రమ్మన్నారు."

డాక్టరు గిర్రున కౌంటర్ వైపు తిరిగింది. కౌంటర్ వెనక ఆమె తండ్రి ఫోను చెవికి ఆనించుకుని, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నారు. నలభై ఏళ్లు ఇదే ఆస్పత్రిలో వైద్యం చేసిన మనిషి. చెయ్యి వణకడం మొదలవగానే కత్తి కూతురికి అప్పగించి, ఫోను తాను పట్టుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. చిలకను ఎక్స్‌రేకి పిలిచేవారు, ఎక్స్‌రే తీయాల్సిన కుక్కను గోళ్లు కత్తిరించడానికి పిలిచేవారు.

"ఏంటి నాన్నా ఇది?"

"నా వల్ల కావట్లేదు తల్లీ. నువ్వేమో మధ్యాహ్నం భోజనం సాయంత్రం చేస్తున్నావు. ఇతను చేసే ఏజెంటు ఫోన్లు, మెసేజీలు, అపాయింట్‌మెంట్లు తనంతట తానే చూసుకుంటుందట. ఒకసారి చూడు, పోయేదేముంది?"

"పోయేది ప్రాణం నాన్నా! కుక్కకి జ్వరం అంటే ఇది ఏదో ఒక మందు చెప్పేస్తే?"

"చెప్పదండీ," అన్నాడు ఇంజనీరు. "మీరు ఏది చెప్పొద్దంటే అది చెప్పదు."

డాక్టరు అతన్ని ఎగాదిగా చూసింది. జ్వరమెంతో చూడటానికి వచ్చిన జంతువును చూసినట్టే చూసింది. అతనికి నిజంగానే కొంచెం వేడి ఎక్కింది.

"నెల రోజులు," అంది వేళ్లు మడుస్తూ. "మందు పేరు, మోతాదు దాని నోట్లోంచి రాకూడదు. అనుమానం వస్తే నన్ను అడగాలి. ప్రాణం మీదికొచ్చే సంగతైతే అప్పటికప్పుడు అడగాలి. మిగతా అనుమానాలు ఒకచోట పోగెయ్యమనండి, నెలాఖరు శనివారం కూర్చుని చూస్తాను. రోజూ ఏం చేసిందో సాయంత్రం నాన్నకి రాసివ్వాలి. సొంత పెత్తనం చేసిందా, అదీ మీరూ మీ బ్యాగూ బయటికే. మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దు."

"అలాగేనండీ."

అంతలో వాన పెద్దదైంది. మాట మధ్యలో ఆపేసి ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. రెండు నిమిషాలు అలాగే నిలబడింది. ఆ రెండు నిమిషాలూ ఆమె ముఖంలో ఫోన్లు లేవు, నెంబర్లు లేవు, కోపం లేదు. ఆ తర్వాత "నెక్స్ట్!" అని కేకేసి లోపలికి వెళ్లిపోయింది.

తాబేలు లోపలికి వెళ్లింది. దానితోపాటు ఇంజనీరుగారి మనసు కూడా వెళ్లిపోయిందని అతనికి సాయంత్రానికి గాని తెలియలేదు.

మొదటి వారమంతా అతను కౌంటర్ మూల స్టూలు వేసుకుని విన్నాడు. అతను వాడే ప్లాట్‌ఫామ్‌లో ఒక భాషా మోడల్ ఉంటుంది. దానికి మామూలు మాటల్లోనే పని చెప్పాలి. చేతుల్లాగా పనికొచ్చే టూల్స్ ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ల పట్టిక తెరిచేది, మెసేజీ పంపేది, పాత కేసు షీట్లు తీసేది, డాక్టరు ఇళ్లకు వెళ్లే రోజుల కోసం వాతావరణం చూసేది. అక్కడినుంచి అది తానే ఆలోచించుకుంటుంది, ఒక టూల్ వాడుతుంది, ఏమొచ్చిందో చూసుకుంటుంది, మళ్లీ ఆలోచిస్తుంది. పని తెమిలేదాకా ఆగదు. ఇలాంటివి అతను ఎన్నో చేశాడు. అయినా ప్రతిసారీ, తాను రాసిన నాలుగు మాటలు లేచి పనిలోకి దిగడం చూస్తే అతనికి ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ ఏ మాటలు రాయాలో డాక్టరే నేర్పింది, ఆమెకు తెలియకుండానే. ఎవరొచ్చినా ఆమె ముందు జంతువు పేరు అడిగేది. జబ్బు సంగతి ఆ తర్వాతే. "కంగారుపడకండి" అని ఎప్పుడూ అనేది కాదు, "నేనున్నాగా" అనేది. అతను ఏజెంటుకిచ్చే సూచనల పేజీలో రాశాడు: ముందు పేరు అడుగు. కంగారుపడొద్దని చెప్పకు, డాక్టరుగారున్నారని చెప్పు.

రాస్తూ రాస్తూ, ఆ పేజీ అడుగున ఇంకేవో కూడా రాసుకున్నాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక పాత అలవాటు ఉంది. లైను ముందు హాష్ (#) గుర్తు పెడితే అది మనుషులు తమకోసం రాసుకున్నదని అర్థం. మెషిన్ దాన్ని చదవకుండా దాటేస్తుంది. పదేళ్లుగా చేతికి పట్టిన అలవాటు కదా, హాష్ పెట్టి తన సొంత గోడు హాయిగా రాసుకున్నాడు.

రెండో వారం బుధవారం డాక్టరు లోపల ఒక ముసలి పిల్లికి పళ్లు శుభ్రం చేస్తుండగా మెసేజీ వచ్చింది. 'మా కుక్కపిల్ల మేజోడు మింగేసింది. ఏం చెయ్యాలి?'

స్క్రీన్ మీద లైను తర్వాత లైను కదిలింది. ముందు పేరు అడిగింది. ఊపిరి బాగానే తీసుకుంటోందా, మింగి ఎంతసేపైంది అని అడిగింది. పాత షీటు తీసింది. నాలుగింటి తాబేలు వాళ్లకు, 'ఒక ప్రాణం మీదికొచ్చింది, అరగంట ఆలస్యంగా రాగలరా?' అని రాసింది. వాళ్లు సరే అన్నారు. 'ఇంట్లో ఏ వైద్యమూ చెయ్యకుండా వెంటనే తీసుకురండి, డాక్టరుగారున్నారు' అని ఇంటివాళ్లకు చెప్పింది. డాక్టరుకు పంపిన మెసేజీలో అన్నిటికంటే పైన ఒక లైను పెట్టింది: 'రెండు నెలల కిందట మత్తు ఇచ్చినప్పుడు దీనికి ఊపిరి ఇబ్బంది అయింది. షీటు జత చేశాను.'

అంతా కలిపి నిమిషం పట్టలేదు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇవన్నీ నువ్వు ముందే రాసిపెట్టావా ఇంజనీరూ?"

"లేదండీ. ముఖ్యమైనది పైన పెట్టమని మాత్రమే రాశాను. ఏది ముఖ్యమో నేను చెప్పలేదు. తాబేలు వాళ్లని అడగమనీ చెప్పలేదు." అతని గొంతు తగ్గిపోయింది. "నాకూ నమ్మబుద్ధి కావట్లేదండీ."

గ్లౌజులు విప్పుతూ బయటికొచ్చిన డాక్టరు ఆ లైను చదివి ఆగిపోయింది.

"ఈ షీటు ఎవరు తీశారు?"

"మన కొత్త కాంపౌండరు," అన్నారు పెద్దాయన, ల్యాప్‌టాప్ వైపు గడ్డంతో చూపిస్తూ. ఆ రోజునుంచి దాని పేరు అదే అయింది.

అంతలో కుక్కపిల్లను తెచ్చారు. ఆమె మత్తు మందు మార్చి, కుక్కపిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అద్దం అవతల నలభై నిమిషాలు ఆ చేతులు ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. చివరికి మేజోడు బయటికి వచ్చింది. సాయంత్రానికి కుక్కపిల్ల కళ్లు తెరిచి ఆమె బొటనవేలు నాకింది. ఆమె పెద్దవాళ్లెవరూ నవ్వనంత పెద్దగా నవ్వింది.

ఇంజనీరు స్టూలు మీద కదలకుండా కూర్చుండిపోయాడు. మెషిన్ని చూసి నోరెళ్లబెట్టడం అతనికి అలవాటే. మనిషిని చూసి ఇలా కావడం మాత్రం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, పేజీ అడుగున హాష్ పెట్టి ఇంకో లైను రాసుకున్నాడు.

రోజులు పరుగెత్తాయి. ఫోను మోత తగ్గింది. డాక్టరు మాత్రం పొగడదు.

"మీ కాంపౌండరు బాగానే ఉన్నాడు. మీరే ఎందుకో రోజూ వస్తున్నారు. అది తనంతట తానే పనిచేస్తుందన్నారుగా?"

"దగ్గరుండి చూడాలి కదండీ."

"దాన్నా?"

"దాన్నేనండీ," అన్నాడు, ఆస్పత్రిలో పెంచుకునే చిలక పంజరం వైపు చూస్తూ. అందరికీ అన్నీ చెప్పే ఏజెంట్లను తయారుచేసే మనిషి, సొంత మాట దగ్గరికొచ్చేసరికి గడప దాటలేకపోయాడు. శనివారం దగ్గరపడింది. ఆ రోజు ఆమె వద్దంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కే పని ఉండదు. కావాలన్నా ఉండదు. పని అయిపోయిన ఇంజనీరు జంతువుల ఆస్పత్రికి ఏ వంకతో వస్తాడు? తాబేలును కొనుక్కోవాలా అని కూడా ఆలోచించాడు పాపం.

శనివారం సాయంత్రం చివరి పేషెంటు వెళ్లాక డాక్టరు కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అపాయింట్‌మెంట్ల పట్టిక తిరగేస్తూ ఒకచోట ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"మూడు గురువారాలుగా ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా ఖాళీ. నేను చెప్పలేదే! ఎవరు మూసేశారు?"

ఇంజనీరు వంగి చూశాడు. అతనికీ తెలియదు. తప్పులు దొర్లిన చోటే రోజూ వెతుక్కున్నాడు, ఇక్కడ తప్పంటూ ఏదీ రాలేదు.

"సొంత పెత్తనం వద్దన్నానా లేదా?"

"అన్నారండీ. కానీ అది ఊరికే చెయ్యదు, కారణం ఉంటుంది. దాన్నే అడగండి. ఏదీ దాచదు." నమ్మకంగా అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మాట గుర్తొస్తే అతనికి చెవులు ఎర్రబడేవి.

ఆమె టకటకా టైపు చేసింది. జవాబు వచ్చింది. ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది.

"'నాకిచ్చిన సూచనల చివర ఇలా ఉంది: గురువారాలు ఆపరేషన్ల వల్ల డాక్టరుగారు భోజనం మరిచిపోతారు, ఎవరైనా అరగంట మిగిలిస్తే బాగుండు. అందుకని మిగిల్చాను. వాన మొదలైతే ఆవిడ రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడతారు, ఆ రెండు నిమిషాలూ ఎవరూ పిలవకపోతే బాగుండు అని కూడా ఉంది. అందుకని అప్పుడు అత్యవసరం కానివి ఆపి, తర్వాత పంపాను. ఇవన్నీ రోజూ సాయంత్రం పెద్దాయనకు రాసిచ్చాను.'"

తండ్రి మళ్లీ పైకప్పు చూశారు.

ఇంజనీరుకు అప్పుడు వెలిగింది. హాష్ గుర్తు! మామూలు ప్రోగ్రాము దాటేస్తుంది. భాషా మోడల్ ఎందుకు దాటేస్తుంది? మనిషి రాసిన మాట ఎక్కడున్నా అది చదువుతుంది. పదేళ్ల అలవాటు అతని కొంప ముంచింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"నాన్నా! నీకు తెలుసా?"

"నా నోట్లో నువ్వుగింజ నానదంటుందిగా మీ అమ్మ. చూశావా, పదిహేడు రోజులు నానబెట్టాను."

"పదిహేడు రోజులేంటి?"

"ఆ అనుమానాల పెట్టె తెరువు. ఒకటే ఉంది. నీకోసమే కూర్చుంది."

"మేడమ్, అది... అది తెరవక్కర్లేదండీ," అన్నాడు ఇంజనీరు.

ఆమె తెరిచింది. ఈసారి పైకి చదవలేదు. కానీ అక్షరాలు పెద్దవి, అతనికి నిలబడిన చోటినుంచే కనిపిస్తున్నాయి.

'సూచనల ఆఖరి లైను ఇది: ఆ చేతుల్ని చూశాక నాకు ఇంకేదీ అద్భుతంలా అనిపించడం లేదు, ఆవిడ ఒక్కసారి నావైపు చూస్తే చాలు. దీన్ని అమలు చెయ్యడానికి నా దగ్గర టూల్ లేదు. ఉన్నా, అది నేను చెయ్యాల్సిన పని కాదనిపించింది. అనుమానం వస్తే డాక్టరుగారిని అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఈ లైనును ఏం చెయ్యమంటారు?'

చిలక కూడా నోరు మూసుకుంది.

అతను నేల చూపులు చూస్తున్నాడు. నేల మీద టైల్స్ లెక్కపెట్టాడు. కీబోర్డు చప్పుడైంది. పెద్దాయన కూతురి భుజం మీదుగా వంగి చదివారు.

"'ఆ లైను తీసెయ్.'"

ఇంజనీరు బ్యాగు అందుకున్నాడు. జిప్పు చేతికి దొరకడం లేదు.

"ఆగవయ్యా, అమ్మాయి ఇంకా రాస్తోంది," అన్నారు పెద్దాయన. "'అది నీ పని కాదు. నేను చూసుకుంటాను.'"

అతను తలెత్తాడు. ఆమె అతనివైపే చూస్తోంది. జ్వరం చూసే చూపు కాదది. కిటికీ దగ్గర వానను చూసే చూపు. ఇన్నాళ్లూ పక్కనుంచి చూసిన ఆ ముఖం ఇప్పుడు ఎదురుగా ఉంది.

స్క్రీన్ మీద 'సరేనండీ, తీసేశాను' అని వచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు.

"మెషిన్ చదవదనుకుని రాశారా?" అడిగింది.

"అవునండీ."

"నేను చదువుతానని?"

"కల్లో కూడా అనుకోలేదండీ."

"ఇకమీదట రాయొద్దు. నాకు చెప్పండి."

అతను తల ఊపాడు. బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె లేచి కిటికీ దగ్గరికి నడిచి, కొంచెం పక్కకి జరిగి నిలబడింది. ఆ పక్కన సరిగ్గా ఇంకొక మనిషికి చోటుంది.

"గురువారం ఒంటిగంటకి నువ్వు కూడా భోజనానికి రా ఇంజనీరూ," అన్నారు పెద్దాయన. "ఎలాగూ కాంపౌండరు అరగంట మిగిల్చాడు."

అతను బ్యాగు కింద పెట్టి కిటికీ వైపు నడిచాడు. అప్పుడే ఫోను మోగింది. కాంపౌండరు అందుకునేలోపే పెద్దాయన చటుక్కున ఎత్తారు.

"డాక్టరమ్మ రెండు నిమిషాల్లో మాట్లాడుతుందండీ. ఈలోపు నాకు చెప్పండి. పిల్లికా? ముందు దాని పేరేంటి?"