ఊఁ కొట్టిందెవరు?

కొరియాలోని బుసాన్ రేవు దగ్గర, చేపల గిడ్డంగుల వెనక సందులో మూడో అంతస్తు గది. రెండు కుర్చీలు, రెండు మైకులు, చప్పుడు రాకుండా గోడలకు వేలాడదీసిన పాత దుప్పట్లు. హేరాన్ అక్కడ కూర్చుని జనం కష్టాలు రికార్డు చేస్తుంది. నిద్రపట్టనివాళ్లు, దిగులుకు మందులు మింగేవాళ్లు, నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడనివాళ్లు వచ్చి చెప్పుకుంటారు. వారానికొకటి ఇంటర్నెట్లో పెడుతుంది. వేలమంది వింటారు. ఆవిడ మాట వినే మనిషి మాత్రం ఒక్కరూ లేరు, పాపం. తల్లి పోయి ఏడు నెలలైంది. ఊరందరి గోడూ విన్న మనిషి తన గోడు ఎవరి దగ్గరా వెళ్లబోసుకోలేదు.

ఈ పనిలో ఒక కట్టుబాటుంది. ఎదుటివాళ్లు చెబుతుంటే ఊఁ కొట్టకూడదు. ఆ ఊఁ వాళ్ల మాట మీద పడితే తర్వాత కత్తిరించడం కష్టం. తల ఊపాలి, అంతే. తొమ్మిదేళ్లుగా అదే అలవాటై ఇంట్లోనూ నోరు మెదపడం మానేసింది. "నీకు చెప్పుకోవడం కంటే కిమ్చీ పచ్చడి జాడీకి చెప్పుకోవడం నయమే!" అని తల్లి దెప్పేది.

ఆ సోమవారం మధ్యాహ్నం కుండపోత వాన. టాక్సీ నడిపే పాన్సు వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. భార్య పోయాక ఇంట్లోకి వెళ్లలేక టాక్సీలోనే పడుకుంటున్నానని గంటసేపు చెప్పి, కళ్లు తుడుచుకుని లేచాడు.

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదమ్మాయ్. నువ్వంత ఓపిగ్గా ఊఁ కొడుతుంటే అన్నీ బయటికొచ్చేశాయి."

"నేనా? నేను ఊఁ అననేలేదు అన్నయ్యగారూ."

"పోదూ, వేళాకోళం!" అని నవ్వుతూ మెట్లు దిగాడు.

హేరాన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగ్ వేసింది.

"…టాక్సీలోనే పడుకుంటున్నా…"

"ఊఁ."

ఆడగొంతు. మైకుకు మూతి ఆనించినంత దగ్గరగా. తనది కాదు.

పోయిన నెలది తెరిచింది. పరీక్ష తప్పి గదిలోంచి బయటికి రాని ఒకమ్మాయి కథ. అందులోనూ ఊఁ… ఊఁ… ఆ రోజు పదిసార్లు విన్నప్పుడు అది లేదు. ఒట్టు, లేదు.

 నిజం చెప్పాలంటే, భయం కంటే ముందు ఆవిడకు ఏడుపొచ్చింది. అందరికీ ఊఁ కొట్టినవాళ్లు నాకు కొట్టరా?

హెడ్‌ఫోన్లు తీయకుండానే లేచి పాన్సు కూర్చున్న కుర్చీలో కూర్చుంది. రికార్డింగ్ మీట నొక్కింది. తడి దుప్పటి వాసన గుప్పుమంది.

"ఆ రోజు… అమ్మ ఫోన్ చేసింది."

చెవుల్లో నిశ్శబ్దం. తర్వాత మెల్లగా…

"ఊఁ."

"రికార్డింగ్‌లో ఉన్నాను. ఎత్తలేదు."

"ఊఁ."

"మళ్లీ చేసింది. మళ్లీ… ఎత్తలేదు. సాయంత్రం వెళ్లేసరికి ఫోన్ చేతిలో పట్టుకునే పోయింది."

"ఊఁ… తర్వాత?"

ఈసారి ఊఁ ఒక్కటే కాదు, మాట. అయినా ఆగలేకపోయింది. ఏడుస్తూ అంతా చెప్పింది. ఏడు నెలల బరువు దిగిపోయినట్టయింది.

"అంతే. ఇంకేం లేదు," అని మీట ఆపేసింది.

కంప్యూటర్ తెర మీద గొంతు గీతలు ఆగలేదు. అవి కదులుతూనే ఉన్నాయి… చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారు. ఎవరో కాదు… తన గొంతే. తన పెదాలు మూసే ఉన్నాయి.

"…మంగళవారం ఎవరూ తలుపు తట్టలేదు."

"ఊఁ."

"బుధవారం కింది కొట్టావిడకు అనుమానం వచ్చింది. తాళం పగలగొట్టించింది. నేను ఈ కుర్చీలోనే పోయి ఉన్నాను."

హేరాన్ గడియారం చూసింది. ఇంకా సోమవారమే. నాలుగున్నర.

రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని లాగింది.

అవి ఊడి రాలేదు.