అత్తయ్యకిచ్చిన మాట

ఆ పూట కూడా ఇల్లు ఎప్పటిలాగే హడావిడిగా లేచింది. గీజరు ఆపమని కోడలు వంటింట్లోంచి కేకేసింది. భర్త రెండో సాక్సు కోసం మంచం కింద దూరాడు. అత్తగారు ఐసీయూలో ఉన్నా, న్యుమోనియా తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పడంతో ఇద్దరి మనసులూ కాస్త కుదుటపడ్డాయి.

అంతలో ఆస్పత్రిలో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసింది. "త్వరగా రండి. అమ్మ ఎవర్నీ గుర్తుపట్టట్లేదు. ఒళ్లంతా ఒకటే వణుకు."

ఇద్దరూ ఆస్పత్రికి పరుగెత్తారు. కోడలు ఐసీయూ అద్దంలోంచి లోపలికి చూసింది. అత్తగారు చెమటకి తడిసి ముద్దయి, గాల్లో దేన్నో ఏరుతున్నట్టు వేళ్లు కదుపుతున్నారు.

రోగులకిచ్చే మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూసే ఫార్మసిస్టు బయటికొచ్చింది.

"నిన్న యాంటీబయాటిక్ మార్చాం. దానికి పడని మందేదైనా ముందే ఒంట్లో ఉంటే ఇలా అవ్వచ్చు. ఇంట్లో ఏమేం వాడేవారు?"

"బీపీ మాత్ర ఒక్కటే," అంది ఆడపడుచు ఠక్కున. "చేర్చినప్పుడే చెప్పాం కదా."

కోడలికి మామగారు పోయాక అత్తగారు తిండీ నిద్రా మాని గోడకేసి చూస్తూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. నచ్చజెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది తనే. "నా పిల్లలకి చెప్పనని మాటివ్వు. వాళ్లు నన్ను జాలిగా చూస్తే తట్టుకోలేను," అని ఆవిడ చేయి పట్టుకున్నారు. ఊపిరితిత్తుల జబ్బుకీ, ఆ డాక్టరు రాసిన మాత్రకీ సంబంధమేమిటనుకుని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

"ఇంకో మాత్ర కూడా ఉందండీ," అంది మెల్లగా. "దిగులు తగ్గడానికి. ఇక్కడ చేరేదాకా వేసుకున్నారు."

మాత్ర పేరు వినగానే ఫార్మసిస్టు ముఖం మారింది. "ఆపినా వారాల తరబడి ఒంట్లో ఉంటుందది!" అంటూనే లోపలికి పరుగెత్తింది.

వరండాలో ముగ్గురే మిగిలారు.

"మా అమ్మకి దిగులు మందులా?" ఆడపడుచు గొంతు లేచింది. "కన్నకూతుర్ని, నాకు తెలీకుండా? ఇంతదాకా వస్తేగానీ నోరు పెగల్లేదా నీకు?"

"మాటిచ్చాను వదినా."

"ఒకే ఇంట్లో ఉంటూ, నాక్కూడా చెప్పలేదే," అన్నాడు భర్త. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి. తన మౌనం వల్లే ఆవిడకేమైనా అయితే ఎవరి ముఖం చూడగలదు? మూలనున్న కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఫార్మసిస్టే వచ్చి చెప్పింది. "ఆ యాంటీబయాటిక్ ఆపి వేరేది మొదలుపెట్టారు. వణుకు తగ్గడానికీ మందిచ్చారు. ఇప్పటికైనా చెప్పి మంచి పని చేశారమ్మా."

మర్నాటికి వణుకు సద్దుమణిగింది. ఆ పైరోజు ఉదయం అత్తగారు పిల్లల్ని పేరుపేరునా పిలిచారు. కోడలు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అత్తయ్యా, నేను చెప్పేశాను. మాట నిలబెట్టుకోలేకపోయాను."

"నీ మీద అంత బరువు పెట్టడం నాదే తప్పు తల్లీ," అన్నారావిడ నీరసంగా.

"మాకెందుకు చెప్పలేదమ్మా?" కూతురు వెక్కుతూ అడిగింది.

"నాన్న పోయాక నువ్వు రోజూ ఫోన్‌లో ఏడ్చేదానివి. నేనూ ఏడిస్తే నిన్నెవరు ఓదారుస్తారే? నాకు ఏడవడానికి ఇది దొరికింది." కళ్లతోనే కోడల్ని చూపించారు. "దీని ఒళ్లో తల పెట్టుకుని ఎన్నిసార్లు ఏడ్చానో! ఒక్కసారీ విసుక్కోలేదు."

కొడుకు తల దించుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆడపడుచు లేచి వచ్చి, మరదల్ని గట్టిగా వాటేసుకుంది.

"నేను చెయ్యాల్సింది నువ్వు చేశావే. పైగా నా చేత మాటలు కూడా పడ్డావు," అంది. ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అమ్మ తలదగ్గర తను కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టింది.